తూకం తప్పిన హార్మోనులు

మన ఉన్నత పాఠశాలల్లో వినాళ గ్రంథుల పాఠం సాధారణంగా ఒక పట్టికతో ముగుస్తుంది. మొదటి గడిలో గ్రంథి పేరు, రెండవ గడిలో అది స్రవించే హార్మోను, మూడవ గడిలో ఆ హార్మోను చేసే పని. పీయూష గ్రంథి, అవటు గ్రంథి, క్లోమం, అధివృక్క గ్రంథులు, అండాశయం, ముష్కాలు, ఈ వరుసలో పిల్లలు కంఠస్థం చేస్తారు, పరీక్షలో అప్పగిస్తారు. పట్టికలో తప్పేమీ లేదు. కాని అందులో ఒక గడి కొరవడుతున్నది. ఏ హార్మోను ఎంత ఉండాలి, ఏ వేళకు ఉండాలి, ఒకటి హెచ్చితే మరియొకటి ఏమవుతుంది అన్న సంగతి ఆ పట్టికలో కనిపించదు. శరీరంలో ఆరోగ్యానికీ అనారోగ్యానికీ నడుమ ఉన్న భేదం అనేక సందర్భాలలో ఆ లేని గడిలోనే ఉన్నది.

ఈ మాటకు చక్కని నిదర్శనం స్త్రీలలో కనిపించే ఒక రుగ్మత. వైద్యులు దీనిని పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అంటారు. పొడి అక్షరాలలో పి.సి.ఓ.ఎస్. మన ఊళ్ళలో పి.సి.ఓ.డి. అన్న పేరు వాడుకలో ఉన్నది. అంతకంటే ఎక్కువగా "అండాశయంలో నీటి బుడగలట" అన్న మాట ఇంటింటా వినిపిస్తున్నది. సంతానయోగ్యమైన వయస్సులో ఉన్న స్త్రీలలో ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఇది ఉన్నదని ప్రపంచంలోని అనేక పరిశీలనలు చెబుతున్నాయి. నలభైమంది యువతులు చదివే ఒక కళాశాల తరగతిలో ముగ్గురికో నలుగురికో ఇది ఉండవచ్చునన్నమాట. వారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

దీని లక్షణాలు నలుగురి కంటా పడేవి కొన్ని, ఎవరికీ చెప్పుకోలేనివి కొన్ని. నెలసరి రెండు మూడు నెలలకు గాని రాకపోవడం, పై పెదవి మీదా గడ్డం మీదా రోమాలు రావడం, యౌవనారంభం దాటినా మొటిమలు తగ్గకపోవడం, తలమీద జుట్టు పలచబడడం, శరీరం బరువెక్కడం ఇందులో ముఖ్యమైనవి. వీటిలో ప్రతిదానికీ లోకం ఒక నింద సిద్ధంగా ఉంచుకున్నది. మీసం వచ్చిందని తోటిపిల్లలు నవ్వుతారు. తిని కూర్చోవడం వల్లనే ఇంత బరువని ఇంట్లోవాళ్ళు అంటారు. నెలసరి తప్పడం సంగతి పెళ్ళివారి చెవిన పడకూడదని తల్లి గుట్టుగా దాచిపెడుతుంది. "పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అని పెద్దలు సమాధానం చెబుతారు. రక్తంలో కొన్ని పదార్థాల తూకం తప్పినందుకు ఒక బాలిక సంవత్సరాల తరబడి అవమానం మోస్తున్నది. అందుచేత ఆ తూకం ఏమిటో కాస్త వివరంగా తెలుసుకోవడం మనందరికీ అవసరం.

షికాగోలో ఏడుగురు స్త్రీలు

ఈ రుగ్మత కొత్తగా పుట్టినది కాదు. ఇటలీ దేశపు వైద్యుడు ఆంటోనియో వల్లిస్నేరి 1721లోనే సంతానం లేని ఒక పల్లెటూరి యువతిని గూర్చి వ్రాస్తూ, ఆమె అండాశయాలు తెల్లగా నిగనిగలాడుతూ పావురపు గుడ్లంత పరిమాణంలో ఉన్నవని వర్ణించాడు. అయినా దీనికి వైద్యశాస్త్రంలో ఒక స్థానం ఏర్పడినది 1935లో. అమెరికాలోని షికాగో నగరంలో స్త్రీరోగ వైద్యులైన ఇర్వింగ్ స్టైన్, మైకేల్ లెవెంతాల్ అనే ఇద్దరు ఆ సంవత్సరం ఏడుగురు స్త్రీల చరిత్రలను ప్రకటించారు. ఆ ఏడుగురికీ ఋతుక్రమం చెడింది, సంతానం లేదు. కొందరికి ముఖాన రోమాలు, కొందరికి స్థూలకాయం. అండాశయాలు మాత్రం అందరిలోనూ పెద్దవిగా, పైన మందమైన తెల్లని పొరతో, లోపల అనేకమైన చిన్న చిన్న బుడగలతో కనిపించాయి.

వైద్యులు పరీక్ష నిమిత్తం అండాశయంలో ఒక ముక్క కోసి తీసినప్పుడు ఆ స్త్రీలకు నెలసరి తిరిగి రావడం గమనించారు. అంతట రెండు అండాశయాలనుండీ పెద్ద భాగాన్ని నారింజ తొనవలె కోసి తీసివేసే శస్త్రచికిత్స చేశారు. ఏడుగురికీ నెలసరి కుదుటపడింది, ఇద్దరు గర్భవతులైనారు. ఆ విధంగా చాలాకాలం ఈ రుగ్మతకు "స్టైన్-లెవెంతాల్ వ్యాధి" అన్న పేరు నిలిచింది.

ఆ చికిత్స ఎందుకు ఫలించిందో వారు సంపూర్ణంగా చెప్పలేకపోయారు. హార్మోనులు ఉన్నవని వారికి తెలుసు. ఆ పదాన్ని 1905లోనే లండనులో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే శాస్త్రజ్ఞుడు వాడుకలోకి తెచ్చాడు. "కదిలించు, ప్రేరేపించు" అని అర్థమిచ్చే గ్రీకు ధాతువునుండి అది పుట్టింది. కాని ఒక మనిషి రక్తంలో ఏ హార్మోను ఎంత ఉన్నదో తూచి చెప్పగల త్రాసు ఆ రోజులలో లేదు.

అంత సన్నని త్రాసు ఎందుకు కావలసివచ్చిందో ఒక్క లెక్క చూస్తే తెలుస్తుంది. ఆరోగ్యవంతురాలైన స్త్రీ రక్తంలో 100 మిల్లీలీటర్లకు టెస్టోస్టిరోన్ సుమారు 15 మొదలు 70 నానోగ్రాముల దాకా ఉంటుంది. నానోగ్రాము అంటే గ్రాములో 100 కోట్లవ వంతు. శరీరంలోని రక్తమంతా కలిపినా ఆ హార్మోను గ్రాములో లక్షవ వంతు కూడా ఉండదు. అంత స్వల్పమైన పదార్థం హెచ్చుతగ్గుల మీద ముఖాన రోమం మొలవడమూ, అండం విడుదల కావడమూ ఆధారపడి ఉన్నాయి.

ఆ త్రాసును న్యూయార్కు నగరంలోని ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో రోజలిన్ యాలో అనే భౌతిక శాస్త్రవేత్త, సాలమన్ బెర్సన్ అనే వైద్యుడు కలిసి 1959, 1960 సంవత్సరాలలో రూపొందించారు. వారి పద్ధతి సూక్ష్మం ఇది: ఒక బస్సులో సీట్లు ఇన్ని అని నిర్ణయమై ఉన్నవనుకొందాం. ఎర్ర టోపీ పెట్టుకున్న ప్రయాణికులను కొందరిని మనమే పంపుతాం. టోపీ లేని ప్రయాణికులు ఎందరో మనకు తెలియదు. అందరూ సీట్లకు పోటీపడిన తర్వాత ఎర్ర టోపీలవారు ఎందరికి చోటు దొరకలేదో లెక్కపెడితే, టోపీ లేనివారు ఎందరు ఎక్కారో తేలుతుంది. యాలో, బెర్సన్‌లు ఎర్ర టోపీకి బదులు రేడియోధార్మికతను వాడారు. సీట్లకు బదులు ప్రతిరక్షకాలనే ప్రొటీనులను వాడారు. మొదట వారు ఈ విధంగా తూచినది ఇన్సులిన్. క్రమంగా ఇతర హార్మోనులన్నీ ఆ త్రాసులోకి వచ్చాయి. 1977లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానంలో సగం యాలోకు లభించింది. బెర్సన్ అప్పటికి కీర్తిశేషుడు. మిగిలిన సగం పంచుకొన్న రోజర్ గియమన్, ఆండ్రూ షాలీలకు కూడా మన కథలో చోటున్నది.

మెదడులోని బడిగంట

అండాశయానికి ఆజ్ఞలు మెదడునుండి వస్తాయి. మెదడు అడుగు భాగాన ఉన్న హైపోథాలమస్ ఒక చిన్న హార్మోనును విడుదల చేస్తుంది. ఇది 10 అమైనో ఆమ్లాల గొలుసు. లక్షకు మించిన పందుల మెదళ్ళ ముక్కలనుండి షాలీ బృందం దీనిని వేరుచేసింది. గొర్రెల మెదళ్ళతో గియమన్ బృందం పనిచేసింది. 1971లో దీని నిర్మాణం బయటపడింది. ఈ హార్మోను పీయూష గ్రంథిని చేరి, అక్కడినుండి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే రెండు హార్మోనులను విడుదల చేయిస్తుంది. ఆ రెండూ రక్తంలో ప్రయాణించి అండాశయాన్ని చేరుతాయి.

ఇందులో వింత ఏమిటంటే, మెదడు ఈ హార్మోనును ధారగా పంపదు. గంట కొట్టినట్లు విడతలు విడతలుగా పంపుతుంది. అమెరికాలోని పిట్స్‌బర్గులో ఎర్నస్ట్ నోబిల్ బృందం కోతుల మీద చేసిన ప్రయోగాలను 1978లో ప్రకటించింది. గంటకొకసారి ఆ హార్మోనును ఇచ్చినప్పుడు పీయూష గ్రంథి చక్కగా పనిచేసింది. ఎడతెగకుండా ఎక్కించినప్పుడు పనిచేయడం మానివేసింది. ఉపాధ్యాయులకు ఇది వింతగా తోచదు. బడిగంట వేళకు మోగితే తరగతులు మారుతాయి. రోజంతా ఆగకుండా మోగుతూ ఉంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. పైగా గంట త్వరత్వరగా మోగితే ఎల్.హెచ్. ఎక్కువగానూ, నెమ్మదిగా మోగితే ఎఫ్.ఎస్.హెచ్. ఎక్కువగానూ విడుదలవుతుంది.

అండాశయంలో అండం ఒంటరిగా ఉండదు. పుటిక అనే చిన్న తిత్తిలో ఉంటుంది. పుటిక గోడలో రెండు రకాల కణాలున్నాయి. వెలుపలి కణాలు ఎల్.హెచ్. ఆజ్ఞతో ఆండ్రోజనులను తయారుచేస్తాయి. టెస్టోస్టిరోన్ ఈ కుటుంబంలోనిదే. లోపలి కణాలు ఎఫ్.ఎస్.హెచ్. ఆజ్ఞతో ఆ ఆండ్రోజనులను తీసుకుని ఈస్ట్రడయోల్ అనే స్త్రీ హార్మోనుగా మారుస్తాయి. ఇక్కడ మన పాఠ్యపుస్తకాల పట్టిక మనకొక భ్రాంతి కలిగించిందని గ్రహించాలి. టెస్టోస్టిరోన్ "పురుష హార్మోను" అనీ, అది స్త్రీలో ఉండడం వికారమనీ అనేకులు అనుకొంటారు. కాని ఆండ్రోజను లేనిదే స్త్రీ శరీరంలో ఈస్ట్రోజన్ పుట్టదు. అంతేకాదు; ఆరోగ్యవంతురాలైన స్త్రీ రక్తంలో నెలలో అత్యధిక దినాలలో ఈస్ట్రడయోల్ కంటే టెస్టోస్టిరోనే బరువులో ఎక్కువ. పురుషుల రక్తంలో అది 100 మిల్లీలీటర్లకు సుమారు 300 నుండి 1000 నానోగ్రాముల దాకా ఉంటుంది గనుక ఆ పేరు వచ్చిందేగాని, అది ఒకరి సొత్తు కాదు.

సాధారణంగా నెలనెలా కొన్ని పుటికలు ఎదగడం ప్రారంభించి, అందులో ఒకటి మాత్రం ముందుకు సాగుతుంది. దాని ఈస్ట్రడయోల్ ఒక స్థాయి దాటగానే పీయూష గ్రంథినుండి ఎల్.హెచ్. ఒక్కసారిగా ఉప్పొంగుతుంది. తరువాత సుమారు ఒకటిన్నర దినానికి పుటిక పగిలి అండం వెలువడుతుంది. పగిలిన పుటిక పసుపు వన్నె ముద్దగా మారి ప్రొజెస్టిరోన్‌ను స్రవిస్తుంది. ఈ ప్రొజెస్టిరోన్ గర్భాశయపు లోపలి పొరను గర్భధారణకు సిద్ధం చేస్తుంది. మెదడులోని గంటను నెమ్మదింపజేస్తుంది. గర్భం నిలువకపోతే సుమారు 14 దినాలకు ఆ ముద్ద వాడిపోతుంది, ప్రొజెస్టిరోన్ పడిపోతుంది, నెలసరి వస్తుంది.

తూకం ఎక్కడ తప్పుతుంది?

పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీలలో అనేకులకు మెదడులోని గంట త్వరత్వరగానే మోగుతూ ఉంటుంది. తత్ఫలితంగా ఎల్.హెచ్. పెరుగుతుంది; ఎఫ్.ఎస్.హెచ్. ఆ మేరకు పెరగదు. వెలుపలి కణాలు ఆండ్రోజనులను అధికంగా తయారుచేస్తాయి. లోపలి కణాలకు వాటినన్నిటినీ మార్చే శక్తి చాలదు. పుటికలు 2 నుండి 9 మిల్లీమీటర్ల దాకా ఎదిగి, అక్కడే ఆగిపోతాయి. ఏ ఒక్కటీ ముందుకు సాగదు. అండం వెలువడదు. అండం వెలువడకపోతే పసుపు ముద్ద లేదు. ముద్ద లేకపోతే ప్రొజెస్టిరోన్ లేదు. ప్రొజెస్టిరోన్ లేకపోతే గంటను నెమ్మదింపజేసేది లేదు. అందుచేత గంట మళ్ళీ త్వరగానే మోగుతుంది. ఇది ఒక విషవలయం.

ఇందువలన రెండు సంగతులు స్పష్టమవుతాయి. మొదటిది, స్కానింగులో కనిపించే "నీటి బుడగలు" నిజానికి వ్యాధి గడ్డలు కావు. అవి ఎదుగుతూ మధ్యలో ఆగిపోయిన పుటికలు. ప్రతి స్త్రీ అండాశయంలోనూ ఉండేవే, ఇక్కడ సంఖ్యలో ఎక్కువ. బుడగలు పగిలిపోతాయనీ, క్యాన్సరు గడ్డలుగా మారుతాయనీ భయపడనవసరం లేదు. ఈ పేరు జనాన్ని తప్పుదారి పట్టిస్తున్నదనీ, మార్చడం మంచిదనీ 2012లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘమే సలహా ఇచ్చింది. రెండవది, నెలసరి రాకపోయినంత మాత్రాన ఈస్ట్రోజన్ లేదని కాదు. అది ఉంటుంది, గర్భాశయపు పొరను పెంచుతూనే ఉంటుంది. ప్రొజెస్టిరోన్ లేనందువలన ఆ పొర రాలదు. ఈ స్థితి ఏళ్ళ తరబడి సాగితే ఆ పొరలో క్యాన్సరు పుట్టే అవకాశం పెరుగుతుంది. "నెలసరి రాకపోతే సుఖమే గదా" అని ఉపేక్షించకూడదనడానికి కారణం ఇదే.

ఆగిపోయిన ఆ చిన్న పుటికలు మరియొక హార్మోనును స్రవిస్తాయి. దాని పేరు ఎ.ఎమ్.హెచ్. పుటికలు అనేకం ఉన్నందున ఈ హార్మోను పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీలలో సాధారణంగా రెండు మూడు రెట్లు హెచ్చుగా ఉంటుంది. అది ఎఫ్.ఎస్.హెచ్. ప్రభావాన్ని మరికొంత అణచివేస్తుంది.

ఇన్సులిన్ పాత్ర

ఇంతవరకు మెదడూ అండాశయమూ చాలును. కాని ఈ కథలో క్లోమానికీ కాలేయానికీ కూడా పెద్ద పాత్ర ఉన్నది. 1921లో పారిసు వైద్యులు అషార్, తియేర్ అనేవారు గడ్డం వచ్చిన స్త్రీలలో మధుమేహాన్ని గూర్చి వ్రాశారు. ఆ సంవత్సరమే కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్ బయటపడింది. ఈ రెంటికీ గల బంధుత్వం మాత్రం చాలాకాలం మరుగుననే ఉండిపోయింది. 1980లో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రపు వైద్యులు పి.సి.ఓ.ఎస్. స్త్రీల రక్తంలో ఇన్సులిన్‌ను, ఆండ్రోజనులను తూచి, ఒకటి హెచ్చిన చోట రెండవదీ హెచ్చుతున్నదని చూపారు. రోజలిన్ యాలో త్రాసు ఆ విధంగా ఇక్కడా ఉపకరించింది.

జరిగేది ఇది. అనేకమంది స్త్రీలలో కండరాలూ కాలేయమూ ఇన్సులిన్ మాటను సరిగా వినవు. క్లోమం ఆ లోటు తీర్చడానికి మరింత ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. కండరానికి చెవుడు వచ్చింది గాని అండాశయానికి రాలేదు. అధికమైన ఇన్సులిన్ అండాశయపు వెలుపలి కణాలను ఎల్.హెచ్.తో చేయి కలిపి ప్రేరేపిస్తుంది. ఆండ్రోజనులు మరింత పెరుగుతాయి.

కాలేయంలో జరిగేది ఇంకా సూక్ష్మమైనది. రక్తంలోని టెస్టోస్టిరోన్‌లో నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే స్వేచ్ఛగా తిరుగుతుంది. తక్కినది ప్రొటీనులకు కట్టుబడి ఉంటుంది. అందులో ముఖ్యమైన ప్రొటీను ఎస్.హెచ్.బి.జి.; కాలేయం దీన్ని తయారుచేస్తుంది. ఇన్సులిన్ హెచ్చితే ఈ ప్రొటీను తగ్గుతుంది. గుంజకు కట్టిన పశువు చేను మేయదు. గుంజలు తగ్గితే, మందలో ఒక్క తల పెరగకపోయినా, చేలో పడే పశువులు పెరుగుతాయి. అట్లే, మొత్తం టెస్టోస్టిరోన్ మామూలుగానే ఉన్నా, స్వేచ్ఛగా తిరిగేది పెరిగి, చర్మంలోని రోమకూపాల మీదా తైలగ్రంథుల మీదా పనిచేస్తుంది. మొత్తం ఒక్కటే తూచి "అంతా సరిగానే ఉన్నది" అని చెప్పడం అందుకే చాలదు.

ఇన్సులిన్ అధికమైనప్పుడు కొందరికి మెడ వెనుకా చంకలలోనూ చర్మం నల్లబడి, ముఖమలు గుడ్డవలె మందమవుతుంది. మట్టి పట్టిందని తల్లులు పీచుతో రుద్దడం మన ఇళ్ళలో చూస్తుంటాం. అది మురికి కాదు, రుద్దితే పోదు. వైద్యునికి చూపవలసిన చిహ్నం. ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినని ఈ లోపం లావుపాటివారికే పరిమితమనుకోవడమూ పొరపాటే. సన్నగా ఉన్న పి.సి.ఓ.ఎస్. స్త్రీలలోనూ అది కనిపిస్తుంది. మన దక్షిణాసియా ప్రజలలో తక్కువ బరువు దగ్గరే ఇది తలఎత్తడం తెలిసిన సంగతి. బరువు హెచ్చినకొద్దీ మాత్రం ఈ లోపం హెచ్చుతుంది. ఈ రుగ్మత గల స్త్రీలకు ముందుముందు మధుమేహం వచ్చే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. అందుచేత చక్కెర పరీక్ష మధ్య మధ్య చేయించుకోవడం వారికి అవసరం.

చీటీలోని అంకెలు

పరీక్షశాల ఇచ్చే చీటీలో పది పన్నెండు అంకెలు ఉంటాయి. కొన్నిటి కింద నల్లగీత ఉంటుంది. ఆ గీత చూడగానే గుండె జారుతుంది. కాని ఏ ఒక్క అంకె ఈ రుగ్మతను నిర్ణయించలేదు. 1970 ప్రాంతంలో ఈ స్త్రీలలో ఎల్.హెచ్. ఎక్కువగా ఉన్నదని తేలిన తర్వాత, ఎఫ్.ఎస్.హెచ్.కు అది రెండు మూడు రెట్లుంటే వ్యాధి ఉన్నట్లేనని చాలాకాలం భావించారు. ఎల్.హెచ్. గంటగంటకూ లేస్తూ పడుతూ ఉండేది. స్థూలకాయులలో అంత హెచ్చు కనిపించకపోవచ్చు. అందుచేత ఆ నిష్పత్తిని నిర్ణయానికి ప్రమాణంగా ఇప్పుడు వాడడం లేదు. స్త్రీలలో టెస్టోస్టిరోన్ స్వల్పంగా ఉండడం వలన మామూలు పరీక్షలు దాన్ని కచ్చితంగా తూచలేవనీ, ద్రవ్యరాశి వర్ణపటమాపక పద్ధతి మేలనీ నిపుణుల అభిప్రాయం. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు ఈ అంకెలు మారిపోతాయి. కనుక ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

2003లో హాలెండులోని రోటర్‌డాంలో సమావేశమైన నిపుణులు ఒక సూత్రం ఏర్పరచారు. నెలసరి క్రమం తప్పడం, ఆండ్రోజనులు హెచ్చడం, స్కానింగులో అధిక పుటికలు కనిపించడం, ఈ మూడింటిలో రెండు ఉండాలి. అవటు గ్రంథి లోపం వంటి ఇతర కారణాలు లేవని తేలాలి. 2023లో ప్రకటించిన అంతర్జాతీయ సూత్రాలు వయస్సు వచ్చిన స్త్రీలలో స్కానింగుకు బదులు ఎ.ఎమ్.హెచ్. పరీక్షను కూడా అంగీకరించాయి.

పాఠశాల బాలికల విషయంలో మాత్రం సూత్రం వేరు. ఇది ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన అంశం. యౌవనారంభంలో అండాశయంలో అనేక పుటికలు కనిపించడం సహజమే. రజస్వల అయిన తర్వాత 8 సంవత్సరాల దాకా స్కానింగును గాని ఎ.ఎమ్.హెచ్.ను గాని ఆధారం చేసుకోరాదని 2023 నాటి సూత్రాలు చెబుతున్నాయి. బాలికలలో క్రమం తప్పడమూ, ఆండ్రోజనులు హెచ్చడమూ రెండూ ఉంటేనే ఈ రుగ్మత అని చెప్పాలి. మొదటి సంవత్సరం నెలసరి క్రమం తప్పడం ప్రకృతి సిద్ధం. ఆ తర్వాత మూడవ సంవత్సరం వరకు 21 నుండి 45 దినాల నడుమ రావడం మామూలే. అటుపిమ్మట 21 నుండి 35 దినాల నడుమ రావాలి. మొదటి ఏడాది దాటిన తర్వాత ఎప్పుడైనా 90 దినాలు గడిచినా రాకపోయినా, 15 ఏళ్ళు నిండినా రజస్వల కాకపోయినా వైద్యుని చూడాలి. ఒక్క స్కానింగు కాగితం చూసి పదమూడేళ్ళ పిల్లకు జీవితాంతం ఉండే వ్యాధి పేరు అంటగట్టడం ఎంత అన్యాయమో, ఆరు నెలలు నెలసరి రాని పదిహేడేళ్ళ పిల్లను "వయస్సు కదా" అని ఊరుకోబెట్టడం అంతే అన్యాయం.

దారి ఉన్నది

ఈ రుగ్మతను పూర్తిగా తుడిచివేసే మందు లేదు. కాని తూకాన్ని సరిదిద్దే ఉపాయాలు అనేకం ఉన్నాయి. బరువు ఎక్కువగా ఉన్నవారు అందులో నూటికి 5 నుండి 10 వంతులు తగ్గించుకోగలిగితే ఇన్సులిన్ దిగివస్తుంది; గుంజలు పెరుగుతాయి; అనేకులకు నెలసరి దానంతట అదే దారికి వస్తుంది. దీనికి ప్రత్యేకమైన దివ్యాహారం ఏదీ లేదు. ఎవరికి అలవాటైన భోజనంలోనే తెల్లన్నం, చక్కెర, నూనె పిండివంటలు తగ్గించి, పప్పులు, కూరలు, ఆకుకూరలు హెచ్చించడం, రోజూ నడక, ఆటలు, ఇవి చాలు. ఆడపిల్లను ఆటస్థలంనుండి పదవ తరగతిలో ఇంటికి పంపివేసే అలవాటును మనం మానుకోవాలి.

వైద్యులు ఇచ్చే ఈస్ట్రోజన్-ప్రొజెస్టిరోన్ మాత్రలు ఎస్.హెచ్.బి.జి.ని పెంచి, ఎల్.హెచ్.ను తగ్గించి, గర్భాశయపు పొరను కాపాడుతాయి. పెళ్ళికాని పిల్లకు ఈ మాత్రలు వ్రాసినంత మాత్రాన ఎవరూ వేరే అర్థం తీయనవసరం లేదు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్‌ను 1994నుండి ఈ రుగ్మతలోనూ పరీక్షించి వాడుతున్నారు. రోమాలు మాత్రం నెమ్మదిగా తగ్గుతాయి. మందు మొదలుపెట్టిన తర్వాత ఆరు నెలలైనా ఓపిక పట్టాలి.

"ఈ పిల్లకు సంతానం కలగదు" అన్న మాట అన్నిటికంటే క్రూరమైనది. అది సత్యదూరం కూడా. అండం విడుదల చేయించే క్లోమిఫీన్ అనే మందును 1961లో అమెరికాలో గ్రీన్‌బ్లాట్ అనే వైద్యుడు ప్రయోగించి చూపాడు. 2014లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో ఈ రుగ్మత గల 750మంది స్త్రీలను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి క్లోమిఫీన్‌ను, రెండవ వర్గానికి లెట్రజోల్‌ను అయిదు మాసాల దాకా ఇచ్చారు. మొదటి వర్గంలో నూటికి 19 మందీ, రెండవ వర్గంలో నూటికి 27 మందీ బిడ్డలను కన్నారు. చికిత్స అక్కడితో ఆగదు. వేరే మార్గాలూ ఉన్నాయి. ఏ మందూ లేకుండా తల్లులైనవారూ అనేకులు. షికాగో వైద్యులు కత్తితో సాధించినదాన్ని నేడు చిన్న మాత్ర సాధిస్తున్నది.

మనస్సు మాట కూడా చెప్పుకోవాలి. ఈ రుగ్మత గల స్త్రీలలో దిగులూ ఆందోళనా ఇతరులకంటే ఎక్కువగా కనిపిస్తున్నాయి. అందుచేతనే వైద్యులు దేహంతోపాటు మనస్సును గూర్చి కూడా అడిగి తెలుసుకోవాలని 2023 నాటి సూత్రాలు నిర్దేశించాయి. ఆ దిగులులో హార్మోనుల పాలు ఎంతో గాని, తోటివారి నవ్వుల పాలు కొంత తప్పకుండా ఉన్నది. మొదటిదాన్ని వైద్యుడు చూసుకోగలడు. రెండవది మన తరగతి గదుల చేతిలో ఉన్నది.

ఉపాధ్యాయులు, ముఖ్యంగా ఉపాధ్యాయినులు, ఈ పాఠం చెప్పేటప్పుడు పట్టికకు నాలుగవ గడి ఒకటి చేర్చి, హార్మోను హెచ్చినా తగ్గినా ఏమవుతుందో నాలుగు మాటలు చెప్పడం కష్టమైన పని కాదు. టెస్టోస్టిరోన్ అందరిలోనూ ఉంటుందని అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి వింటే ఎగతాళికి సగం బలం పోతుంది. నెలసరి తేదీలు ఒక పుస్తకంలో వ్రాసుకోమని బాలికలకు చెప్పాలి. వైద్యునికి అంతకంటే విలువైన చీటీ మరొకటి లేదు. ఏ పిల్ల అయినా వచ్చి అడిగితే తల్లిని పిలిపించి, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీల వైద్యురాలిని చూడమని సలహా ఇవ్వాలి. విద్యార్థినులకు చెప్పవలసినది ఒక్కటే: మీ తప్పు వలన ఇది రాలేదు; దాచిపెడితే తగ్గదు; అడిగితే దారి దొరుకుతుంది.